పెద్ద ఎర్ర దీపం

గొంతు పోయిన మనిషి మాట సమాధుల తోట నాలుగు మూలలా వినిపించేలా చేసినవాణ్ణి నేను. అదీ ఒక మోటార్‌సైకిల్‌తో. ఖిదిర్‌పూర్ డాకులో క్రేన్ల ఎలక్ట్రీషియన్‌గా చేరి, అక్కడే తల నెరిసి రిటైరయ్యాను. ఆ కాలమంతటిలో ఎన్నో ఓడలకి దీపం చూపించాను. ఆగిపోయిన క్రేన్లు నా చెయ్యి తగలగానే లేచి కూర్చునేవి. అయినా నా పనుల్లో గొప్పది ఏదంటే ఆ బండికి చార్జింగ్ పెట్టడమే. డీజిల్ మోటార్‌సైకిల్‌కి కారు ఆల్టర్నేటర్ బిగించినవాడు నాకు ముందు కలకత్తాలో లేడు. బహుశా ఇండియాలోనే లేడు.

ఇండియా సంగతి వదిలేయండి. కలకత్తా సంగతి కూడా నాకు కచ్చితంగా తెలియదు. మా షెడ్డు వరకు నేనే మొదటివాణ్ణి, అది రూఢి. ముందుకు పోయేకొద్దీ ఇంకా కొన్ని ఇలాగే తగ్గించుకోవలసి వస్తుంది. ఎత్తు నుంచి దించడమే నా ఉద్యోగం గనక ఆ పని నాకు కొత్త కాదు.

న్యూ టౌన్‌లో ఉండి చప్పుడు లేని స్కూటర్లు నడిపే మన కుర్రాళ్ళు కొందరు ఆ మధ్య అడిగారు, "అంకుల్, మీ కాలంలో బండి మీరే తయారు చేసుకునేవారట గదా" అని. తయారు చేసింది నేను కాదు, నా మిత్రుడు. మా డాకులోనే క్రేన్ డ్రైవరు. మా రెండు కుటుంబాలూ కళింగపట్నం వైపు నుంచి తాతల నాడే వచ్చి పోర్టు క్వార్టర్లలో స్థిరపడ్డవి. వాడు ఒక పాత మోటార్‌సైకిల్ చట్రం కొని, పడవ మీద నీళ్ళు తోడే చిన్న డీజిల్ ఇంజను దానికి అమర్చాడు. కాగితాల సంగతి అడక్కండి. పోలీసులు కూడా అడిగేవారు కాదు. ఆపి, ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, నవ్వి పంపేసేవారు. మా ఫోర్‌మన్ బెంగాలీ ఆయన. మొదటిసారి దాని చప్పుడు విని టీ గ్లాసు కింద పెట్టి, "దాదా, ఎటా మోటర్‌సైకిల్, నా లంచ్?" అన్నాడు. ఇది బండా, గంగ దాటించే లాంచీయా అని. బెంగాలీలో లాంచీని లంచ్ అంటారు. ఆ రోజు నుంచి షెడ్డులో దాని పేరు లంచ్.

ఆ లంచ్ వెనక సీటు మీద వాడి భార్య కూర్చునేది. ఒళ్ళో పాటల పుస్తకం, చేతిలో కూరల సంచి. మా చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ గొంతు లేస్తే డాకు సైరన్ సిగ్గుపడేది. సరే, సైరన్ సిగ్గుపడేది కాదు. కాని మైకు అక్కర్లేదన్నది మాత్రం నిజం. ఒక వానాకాలం జ్వరమని పడుకుని ఆవిడ మళ్ళీ లేవలేదు. అంతకు రెండేళ్ళ ముందే నా మిత్రుడికి గొంతులో ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది గాని స్వరం పోయింది. మెడ మీద చెయ్యి పెట్టుకుని గుసగుసగా మాట్లాడతాడు. పక్క కుర్చీలో ఉంటే తప్ప వినపడదు.

మావాళ్ళ ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈస్టర్ నాడు ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటకి వెళతాం. ముందు రోజే సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి వస్తాం. ఆ తెల్లవారుజామున ఎవరి కొవ్వొత్తి వాళ్ళు పట్టుకుని తమవాళ్ళ సమాధి దగ్గర నిలబడతారు. ఒకచోట గుంపుగా చేరడం ఉండదు. చర్చి అయ్యగారు నడుమ నిలబడి ప్రార్థన చేస్తే ఎక్కడివాళ్ళు అక్కడి నుంచే ఆమేన్ అంటారు. ఆ చీకట్లో ఆమేన్ కూడా చెదురుమదురుగా, ఒక మూల నుంచి ముందు, ఒక మూల నుంచి వెనక వస్తుంది. ఆ ఏడాది ఏ ఇంట్లో మనిషి పోయారో ఆ ఇంటివాళ్ళు తమ సమాధి దగ్గర నిలబడి పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ తప్పు పట్టరు. కాని చెప్పనివాళ్ళు ఆ ఏడాదంతా తప్పు చేసినట్టు తిరుగుతారు.

ఇక నా సర్వీసులో ఆఖరి చలికాలం. మధ్యాహ్నం అన్నాల వేళ మా మిత్రుడు షెడ్డుకొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఒరే, మన బండి లైటు ఏటైనా చెయ్యగలవేటి?"

"ఏటి చెయ్యాల?"

"ఈస్టరుకి చీకట్నే ఎల్లాల గదా. దారి కనబడితే చాలు."

ఆ బండికి ఉన్నది పాత ఆరు వోల్టుల డైనమో. దాని వెలుగు అగరవత్తి వెలుగుకి అన్నగారు. చేస్తానన్నాను. వాడు లేవలేదు. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, అటు చూస్తూ అన్నాడు:

"ఈసారి మా ఇంటి తరపున నేనే మాటాడాల. ఎవలికి వినబడతాదిరా?"

మా చర్చి మైకు సెట్టు బ్యాటరీ మీద నడిచేది. తోటలో కరెంటు లేదు. జనరేటరు పెడితే ప్రార్థన వినపడదని అయ్యగారు ఒప్పుకోరు. అంతకు ముందు ఏడాది టాక్సీలో తీసుకెళ్ళిన బ్యాటరీ రెండో పాట మధ్యలోనే చచ్చిపోయింది. ఇవన్నీ నాకు తెలుసు. నా నోరు కూడా నాకు తెలుసు, అయినా ఆపలేకపోయాను.

"దారి కనబడ్డమే కాదు, నీ మాట గూడా వినబడేలా చేస్తాను. ఆ బండి మీద నుంచే."

అలా హెడ్‌లైటు అడిగిన మనిషికి నేను పవర్ హౌసు మాట ఇచ్చాను. కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బిగిస్తే దారి పొడుగునా కొత్త బ్యాటరీ నిండుతుంది. గేటు దగ్గర ఇంజను ఆపేసి, ఆ బ్యాటరీ మీద మైకు నడుపుతాం. కాగితం మీద తిరుగులేని పని.

మెటియాబ్రుజ్ నుంచి వచ్చే టర్నరు ఒకడు మా షెడ్డులో ఉండేవాడు. లేత్ మిషను మీద వాడి చెయ్యి పాటలా నడిచేది. నా పథకం అంతా విని, "దాదా, చార్జింగ్ స్పీకర్ ఒకటి కొనేస్తే అయిపోతుంది గదా, బజారునిండా అవే" అన్నాడు హిందీలో. వాడన్నది అక్షరాలా నిజం. ఆ పని ఒక్క సాయంత్రంలో తేలిపోయేది. "నువ్వు పుల్లీ చెయ్యి, సలహా చెయ్యకు" అన్నాను. వాడు భుజాలెగరేసి పుల్లీ చేశాడు.

ఆ పుల్లీ గురించి రెండు ముక్కలు. డీజిల్ ఇంజను ముసలి ఎద్దు లాంటిది, బలంగా లాగుతుంది గాని నెమ్మదిగా తిరుగుతుంది. ఆల్టర్నేటర్‌కి వేగం కావాలి. అందుకని ఇంజను వైపు పెద్ద చక్రం, ఆల్టర్నేటర్ వైపు చిన్న చక్రం ఉండాలి. నేను మొదట ఇంజనుకి ముందే ఉన్న చిన్న పుల్లీనే ఉంచేశాను. ఇంజను ఎంత మొత్తుకున్నా ఆల్టర్నేటర్ నిద్ర లేవలేదు. తర్వాత టర్నరు చేసిన పెద్ద పుల్లీ వేశాం గాని రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో నేను సరిగా చూడలేదు. బెల్టు తెగి, ఎగిరి, ఫోర్‌మన్ తెరిచి పెట్టుకున్న టిఫిన్ డబ్బా మీద పడింది. ఆయన ఝోల్ అనే చేపల పులుసు గోడ మీద ఉన్న క్రేన్ పటానికి అంటుకుంది. మర్నాటి నుంచి ఆయన లంచ్ స్టార్టు చేసేముందు డబ్బా మూత పెట్టమని అందరికీ కేక వేసేవాడు.

మూడోసారికి కుదిరింది. హెడ్‌లైటు షెడ్డు అవతలి గోడ మీద పడ్డప్పుడు మా మిత్రుడు ఆ వెలుగులో తన నీడ వైపు చాలాసేపు చూశాడు. అక్కడితో ఆపి ఉంటే ఈ రాత మీకు దొరికేది కాదు.

అసలు ఆ బండిని ఆపడానికి ఒక తీగ ఉండేది. లాగితే డీజిల్ ఆగి ఇంజను ఆగేది. తీగ ఇరుక్కున్న రోజున మా మిత్రుడు కాలి చెప్పు తీసి, గాలి పీల్చే గొట్టం మూతికి అదిమి పట్టేవాడు. గాలి అందక ఇంజను చచ్చేది. క్వార్టర్ల ముందు పిల్లలు దాన్ని తమాషాగా చూసేవారు. నాకు అది అనాగరికంగా తోచింది. కారు ఆల్టర్నేటర్ పెట్టుకున్న బండిని చెప్పుతో ఆపడమా? ఎవరూ అడక్కుండానే ఆ తీగ పీకేసి సోలినాయిడ్ పెట్టాను. అంటే కరెంటు ఉన్నంతసేపు డీజిల్‌ని పోనిచ్చే కవాటం. తాళం తిప్పితే కరెంటు పోతుంది, కవాటం మూసుకుంటుంది, ఇంజను ఆగుతుంది. కారులాగే. షెడ్డులో ఎన్నిసార్లు ఆపినా చక్కగా ఆగింది.

ఇక ఎర్ర దీపం. కారులో తాళం తిప్పగానే బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతుంది గదా, అది ఉత్త దీపం కాదు. ఆ బల్బు గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ని తట్టి లేపుతుంది. మా బండికీ అలాంటి చిన్న బల్బు పెట్టాను. ఈస్టర్ నాటి తెల్లవారుజామున బయల్దేరదామని తాళం తిప్పితే అది వెలగలేదు. లంచ్ అదురుకి బల్బులోని తీగ తెగిపోయింది. బల్బు లేనిదే చార్జింగ్ లేదు. చార్జింగ్ లేనిదే మైకు లేదు.

ఇంకొక చిన్న బల్బు నా సంచిలోనే ఉంది. ఈ మాట ఇంతవరకు షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. కాని అదే సంచిలో క్రేన్ నెత్తి మీద పెట్టే పెద్ద ఎర్ర దీపపు గిన్నె, దాని లోపలికి లారీ బ్రేకు లైటు బల్బు కూడా ఉన్నాయి. డాకులో మాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే ఎర్ర దీపం ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి. చిన్న ఎర్ర దీపం కనపడక మనుషులు పోయిన చోటు అది. ఇన్నేళ్ళూ పెద్ద ఎర్ర దీపాలు బిగించిన చెయ్యి తనంతట తానే పెద్దదాన్ని తీసింది. బిగించాను. తాళం తిప్పగానే వీధంతా ఎర్రబారింది. ఇంజను స్టార్టయి దీపం ఆరింది. చార్జింగ్ అదిరిపోయింది.

స్టార్టవుతుందా లేదా చూసుకున్నాను. ఆగుతుందా లేదా చూసుకోలేదు.

బ్యాటరీ బాగా నిండాలని మెటియాబ్రుజ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. మా మిత్రుడు నడుపుతుంటే వెనక నేను మైకు సెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టైలర్ల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒక టీ కొట్టువాడు మాత్రం పొయ్యి ముట్టిస్తూ మా హెడ్‌లైటుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళంతా గర్వం. మా ఆవిడ చర్చివాళ్ళతో బస్సులో ముందే వెళ్ళింది.

తోట గేటు బయట బండి స్టాండు వేశాం. లోపలికి బళ్ళు రాకూడదు. "ఇంకొంచెం ఎక్కనీ, నేను చెయ్యి ఊపితే ఆపు" అని వాడికి చెప్పి, బండి నుంచి తీగ పరుచుకుంటూ వాడి భార్య సమాధి దాకా వెళ్ళాను. మైకు సెట్టు అక్కడ పెట్టి కలిపాను. కొవ్వొత్తులు అప్పటికే వెలిగాయి. అయ్యగారు నా వైపు చూశారు. నేను గేటు వైపు చెయ్యి ఊపాను.

డగ్ డగ్ డగ్ డగ్.

మళ్ళీ ఊపాను. డగ్ డగ్. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగారు. కొవ్వొత్తులన్నీ గేటు వైపు తిరిగాయి. పరిగెత్తాను. దారిలో ఏదో కాలికి తగిలి పడబోయి నిలదొక్కుకున్నాను. వెళ్ళేసరికి మా మిత్రుడు తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాళం బండిలో లేదు, వాడి చేతిలో ఉంది. బండి నడుస్తూనే ఉంది. నేను బిగించిన ఎర్ర గిన్నె మసక మసకగా నన్ను చూస్తోంది.

అప్పుడు అర్థమైంది. బల్బు గుండా కరెంటు ఒక వైపే పోదు. తాళం తీసేశాక ఆల్టర్నేటర్ నుంచి అదే దారిన వెనక్కి వచ్చి సోలినాయిడ్‌ని పట్టుకుని ఉంది. చిన్న బల్బయితే ఆ కొంచెం కరెంటుకి కవాటం నిలిచేది కాదు. నేను పెట్టినది లారీ బల్బు. ఆ ఇంజను తన కరెంటు తానే పుట్టించుకుని, తానే తాగుతూ, డీజిల్ అయిపోయేదాకా నడిచేలా ఉంది.

"ఆపరా," అన్నాడు మా మిత్రుడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

గేరులో వేసి బ్రేకు తొక్కితే ఆగిపోయేదని ఇంటికొచ్చాక ఇద్దరికీ తోచింది. అప్పుడు మాత్రం వాడు తాళం మళ్ళీ పెట్టి తిప్పుతున్నాడు, నేను తీగ తెంపే శ్రావణం కోసం సంచి తడుముతున్నాను. తోటలో ఏడాదికొక్కసారి వచ్చే ఆ చీకటి కరిగిపోతోంది. వాడు నెలల తరబడి ఏం చెప్పాలో లోపల్లోపల కూడబలుక్కున్న మాటలు నా ఇంజను కింద నలుగుతున్నాయి. వాడి మొహం వైపు చూడలేకపోయాను.

షెడ్డులో నేను చెప్పిన కథ ప్రకారం, సరిగ్గా ఆ క్షణంలో చేత్తో సోలినాయిడ్ తీగ లాగి ఇంజను ఆపింది నేను. షాకు కొట్టినా లెక్క చెయ్యలేదని కూడా చెప్పాను. పన్నెండు వోల్టులకి షాకు కొట్టదని అక్కడ అందరికీ తెలుసు. ఫోర్‌మన్ "తాయ్ నాకి?" అని ఇంకో టీ చెప్పాడు. ఓహో అలాగా, అని.

ఆపింది మా ఆవిడ. ఎర్ర అంచు తెల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గేటు దాటి వచ్చింది. నన్ను పక్కకి జరగమని కూడా అనలేదు, మోచేత్తో జరిపింది. కాలి హవాయి చెప్పు తీసి గాలి గొట్టం మూతికి అదిమింది. లంచ్ రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది.

"బండెక్కి ఊరేగడం గాదు, ఆపడం నేర్చుకోండి" అని, చెప్పు తొడుక్కుని, "రండన్నయ్యా" అని వాణ్ణి లోపలికి తీసుకుపోయింది.

నేను వెళ్ళలేదు. గోడకి ఆనుకుని బండి పక్కన కూర్చుండిపోయాను. చెవుల్లో ఇంకా డగ్ డగ్ మోగుతూనే ఉంది. కాసేపటికి లోపల నా స్పీకర్లోంచి వాడి మాట వచ్చింది. స్పష్టంగా, తోట నాలుగు మూలలకీ. తన భార్య గురించి చెప్పాడు. చివర ఆమేన్ వినపడింది. ఎప్పుడూ చెదురుమదురుగా వచ్చే ఆమేన్ ఆ రోజు ఒక్కచోటి నుంచి వచ్చినట్టు వచ్చింది. అదంతా నా మైకు మహిమ అనుకున్నాను. బండి ఆగకపోయినా బ్యాటరీ నన్ను నిలబెట్టిందని కళ్ళు తుడుచుకున్నాను.

మరుసటి వారం పెద్ద ఎర్ర గిన్నె తీసేసి చిన్న బల్బు పెట్టాను. కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చే డయోడ్ ముక్క కూడా దారిలో వేశాను. అది అర చిటికెన వేలంత ఉంటుంది. ముందే వేసి ఉంటే ఈ కథే లేదు. కుర్రాళ్ళూ, మీరు ఏ పని చేసినా స్టార్టవడాన్ని అందరూ చూస్తారు, చప్పట్లు కొడతారు. ఆగడాన్ని మీరే చూసుకోవాలి. రిటైరయ్యే మనిషికి ఈ సంగతి ఇంకొంచెం బాగా తెలిసి ఉండవలసింది.

ఇంతవరకు రాసి మొన్న మా మిత్రుడికి చదివి వినిపించాను. ఇప్పటికీ సాయంత్రాలు వస్తాడు, నడిచే. లంచ్ వాడి వరండాలో పట్టా కప్పుకుని ఉంది. డైనమో దగ్గర తల ఊపాడు. ఝోల్ దగ్గర నవ్వాడు. చెప్పు దగ్గర మా ఆవిడ వైపు చూసి దండం పెట్టాడు. చివరికొచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"స్పీకర్లోంచి నా మాట వినబడ్డాదేటి నీకు?"

"వినబడింది."

"ఏటన్నాను?"

"ఆవిడ గురించి..."

"ఆవిడ గురించేరా. ఏటన్నాను?"

నేను కాగితాలు సర్దుకున్నాను. వంటగది గుమ్మంలోంచి మా ఆవిడ, "ఇన్నాళ్ళూ ఊరుకున్నాం గదన్నయ్యా, ఇప్పుడెందుకూ" అంది.

"అచ్చేయిస్తాడట గదమ్మా. నోటితో చెప్పుకుంటే చెప్పుకోనీ. అచ్చులో ఎందుకు?" అని, కుర్చీ నా దగ్గరకి లాక్కుని, మెడ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మైకు పలకలేదురా. గేటుకాడికి పరిగెట్టినప్పుడు తీగ నీ కాలికే తగిలి ఊడిపోనాది. నేను మాటాడితే ఎవలికీ వినబడలేదు. అప్పుడు ఎవల సమాధి వాళ్ళు ఒగ్గీసి మా దానికాడికి వచ్చీసేరు."